చచ్చిన తమ్ముడు పలికిన పూట

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో సాయంత్రమైతే ఇంటింటా బొగ్గు పొయ్యి రాజేసేవారు. ఆ పొగలో మా క్వార్టర్ల వరుసలు నేలమీద నిలవకుండా తేలిపోతున్నట్టు కనిపించేవి. ఆ పొగలోనే మా బాపు, ఆయన అన్న పెద్దబాపు ఎదురుపడి, ముఖాలు తిప్పుకుని పోయేవారు. తాతయ్య గని పని మానేశాక ఆ ఉద్యోగం వారసత్వంగా ఇద్దరు కొడుకుల్లో ఒక్కరికే వస్తుందన్నారు. అది చిన్నవాడైన బాపుకు వచ్చింది. పెద్దబాపు పొలం పనిలోనే ఉండిపోయాడు. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. మధ్యలో నలిగిపోయింది వాళ్ళ తల్లి, మా అవ్వ. పాపం, ఏ కొడుకు ఇంట్లో కూర్చున్నా ఆమెకు ముద్ద దిగేది కాదు.

పక్క క్వార్టర్ కాక బాపుతో కలిసి గనిలో పనిచేసేవాడు. పండుగకు నాటకం వేయించడమంటే ఆయనకు పిచ్చి. ఆ ఏడు రాజ్యం కోసం కొట్టుకు చచ్చే అన్నదమ్ముల కథ ఎత్తుకున్నాడు. అన్న వేషం పెద్దబాపుకు, అన్న చేతిలో చచ్చే తమ్ముడి వేషం బాపుకు ఇచ్చాడు. ఇద్దరూ ససేమిరా అన్నారు. "ఏషం కడ్తరా, మీ అవ్వను పిలువాల్నా?" అని కాక దబాయించాడు. ఎంత గడుసువాడో!

నాటకం రోజు పెద్దబాపు అట్ట గద ఎత్తితే, నిజంగానే కొడతాడేమోనని నాకు ఏడుపొచ్చింది. బాపు పడిపోయాడు. తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని అన్న శోకం పద్యం పాడాలి. పెద్దబాపు పద్యం మరిచిపోయాడు. బాపు ముఖంలోకి చూస్తూ మెల్లగా "తమ్మీ" అన్నాడు.

గని లోపల చీకట్లో ఎవరు పిలిచినా వెంటనే పలకాలి. పలక్కపోతే పైకప్పు కూలిందేమోనని అందరూ ఉరికొస్తారు. బాపుకు ఆ అలవాటు ఒంట్లో జీర్ణించుకుపోయింది. చచ్చి పడున్న తమ్ముడు కళ్ళు తెరవకుండానే, "ఆఁ అన్నా, ఈడ్నే ఉన్న!" అన్నాడు.

కాలనీ అంతా పగలబడి నవ్వింది. "సచ్చినోడు పలుకుతడారా!" అని కాక నెత్తి కొట్టుకున్నాడు. పెద్దబాపు మాత్రం ఏడుస్తూనే ఉన్నాడు, తమ్ముణ్ణి ఒళ్ళోంచి దించలేదు. ఆ పూట అవ్వ ఇద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని కడుపునిండా తిన్నది.

చాలా ఏళ్ళకు బాపు పోయాడు. పెద్దబాపు పక్కన కూర్చుని "తమ్మీ" అని పిలిచి, పలుకుతాడేమోనని చాలాసేపు ఆ ముఖం కేసే చూశాడు. ఆ చూపు నన్నింకా వదల్లేదు. మా తమ్ముళ్ళతో నేనూ పోట్లాడతాను, నా నోరు మంచిది కాదు. కానీ వాళ్ళు "అక్కా" అంటే ముందు పలుకుతాను. కోపం ఎక్కడికి పోతుంది, తర్వాత చూసుకోవచ్చు.