ఆశయ పత్రం కింద వేలిముద్ర

పన్నెండేళ్లుగా ఒక వేలిముద్ర మోస్తున్నాను. అరంగుళం ఉంటుంది. ఎడమవైపు కొంచెం అలుక్కుపోయి ఉంటుంది. బరువెంతంటారా? నన్నెరిగినవాళ్లు నేనిప్పుడు ఏనుగుల లెక్కలో చెబుతాననుకుంటారు. చీమ కుడితే తాచు కాటేసిందని నలుగురి చేత మంచం మోయించుకునే రకాన్ని. మా ఇంటి దోసకాయ నా నోట్లోంచి బయటికొచ్చేసరికి గుమ్మడికాయై, వీధి చివరికి చేరేలోపు పల్లకీ ఎక్కుతుంది. ఈ ఒక్క సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెబుదామని కూర్చున్నాను. మధ్యలో అలవాటుకొద్దీ ఉబ్బించేననుకోండి, మీరే కాస్త తగ్గించుకుని చదవండి. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా.

డెబ్బైలలో నేనొక లాంచీ కంపెనీలో గుమాస్తాని. గౌతమి ఇవతలి ఒడ్డున మా రేవు, అవతలి ఒడ్డున కాకినాడ వెళ్లే బస్సు. కంపెనీ అంటే రెండు లాంచీలు, కొబ్బరికాయలు మోసే మూడు పడవలు, రేకుల షెడ్డులో ఆఫీసు, ఆ ఆఫీసులో ఒక గోడగడియారం. దీన్నే నేను పెళ్లిళ్లలో "మా నౌకాదళం" అని చెప్పుకునేవాణ్ణి. ఓనరు వీర్రాజుగారు. ఆయన పనిమీద కాకినాడలో ఒక పెద్ద ఓడల కంపెనీ ఆఫీసుకి వెళ్లి, అక్కడ గోడమీద అద్దాల ఫ్రేములో ఇంగ్లీషు కాగితమొకటి చూసి వచ్చేరు. ఆ తరవాత మూడు రోజులు ఆయనకి అన్నం సహించలేదు. సరే, ఒక పూట.

"కంపెనీ అన్నాక అది ఎటు చూస్తోందో రాసి గోడకి తగిలించాలటయ్యా. విజన్ అట," అన్నారు.

"మనది అవతలొడ్డు వైపే కదండీ చూస్తోంది," అన్నాను.

"వెటకారం మాని రాయి. కాకినాడోళ్లకి కళ్లు తిరగాలి."

అలా మా రేవుకి ఆశయ పత్రం వచ్చింది. రాయమంటే నాకేం? కలం పట్టేను. ముందు మర్యాదగా పనివాళ్లందర్నీ అడిగేను, మీకేం తోస్తోందో చెప్పండర్రా అని. అందరూ నవ్వి ఊరుకున్నారు. పెద్ద లాంచీ సరంగు పోలయ్య ఒక్కడే చక్రం వదలకుండా, నది వైపు చూస్తూ, మూడు ముక్కలు చెప్పేడు. ముప్ఫై ఏళ్లుగా గౌతమి మీద లాంచీ నడిపిన మనిషి. అప్పట్లో నేనాయన్ని "పోలయ్యా" అనేవాణ్ణి. నాకంటే పాతికేళ్లు పెద్ద. ఇప్పుడు పోలయ్యగారు అని రాస్తాను. ఆలస్యమైందని తెలుసు.

గాలి చూసుకుని బయల్దేరతామనీ, ఆలస్యమైతే తిట్టుకోమనీ, ఎక్కినవాళ్లని దింపే పూచీ తమదనీ ఆయన చెప్పిన దాని సారాంశం. రాసుకున్నాను. చిత్తుప్రతిలో పెట్టేను కూడా. సాపు రాసేటప్పుడు చూస్తే ఆ మాటలు పట్టుచీరల మధ్య ఆరేసిన గోచీలా కనబడ్డాయి. కొట్టేసేను. దాని చోట ఇది పెట్టేను: "ప్రచండ మారుతములు వీచినను, గౌతమి ఉప్పొంగి ఆకసమునంటినను, మా నౌక నిర్ణీత సమయమునకు రేవు విడువక మానదు." వీర్రాజుగారు ఈ వాక్యాన్ని ఏడుసార్లు చదివించుకున్నారు. ఇందులో ఉబ్బింపు లేదు, నిజంగా ఏడుసార్లే. ఏడోసారికి ఆయన కళ్లు చెమర్చేయి. నావీ.

మా కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. కాగితం ఏదైనా సరే, చదువురాని పనివాళ్లకి చదివి వినిపించి, కింద "చదివి వినిపించగా విని, సమ్మతించి వేసిన నిశాని" అని రాసి, వేలిముద్ర వేయించాలి. రాసేది నేనే, చదివేది నేనే. రాతకీ చదువుకీ మధ్య నన్ను చూసేవాడు లేడు. ఇది మంచి పద్ధతేనా అని అప్పుడు ఎవరూ అడగలేదు. నేనైనా అడగవలసింది.

పోలయ్యగారు రేవు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఎండ. గొడుగు వేసుకుని పక్కన కూర్చున్నాను. "నా మాట ఉందాండి బాబూ?" అని అడిగేరు. ఉందన్నాను. కాగితం పైకెత్తి, దానిలో లేని ఆయన మాటల్ని, నేను కొట్టేసిన ఆ మూడు ముక్కల్నీ, చూసి చదువుతున్నట్టే గొంతు సవరించుకుని చదివేను. ఎందుకు? ఉన్నది చదివితే ఆయన ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే వీర్రాజుగారు ఆ వాక్యం తీసెయ్యమంటారేమో. నా వాక్యం పోతుంది. ఇంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం కోసం పన్నెండేళ్లు వెతికేను, లక్ష పుట్టించగలను, ఒక్కటీ నిజం కాదు. ఆయన విని, బొటనవేలు సిరా దిమ్మ మీద అద్ది, జాగ్రత్తగా నొక్కేరు. అయినా ఎడమవైపు అలుక్కుంది. "బాగా వచ్చిందాండి?" అన్నారు.

ఫ్రేము కట్టించి లాంచీలోనే తగిలించేం, ఎక్కినవాళ్లందరికీ కనబడేలా, వేలిముద్రలతో సహా.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. పెళ్లివారు లాంచీ నిండా ఎక్కి కూర్చున్నారు. ముహూర్తం అవతలొడ్డున. నా కథల్లో ఆ గాలికి మగపెళ్లివారి తలపాగాలు బంగాళాఖాతం దాటి వెళ్లేయి. నిజంగా జరిగింది, ఒకాయన కండువా నీళ్లలో పడింది. పోలయ్యగారు నదిని చూసి, లాంచీ తియ్యనన్నారు. గంట ఆగితే గాలి పడిపోతుందన్నారు. పెళ్లివారిలో చదువుకున్న కుర్రాడొకడు లేచి, ఫ్రేములో ఉన్న నా వాక్యాన్ని నాటకం పద్యంలా చదివేడు. గొడవ మొదలైంది. అందరూ దిగి ఆఫీసుకొచ్చేరు, ఫ్రేము కూడా ఊడదీసుకుని.

"ఏమయ్యా పోలయ్యా, ఈ వేలిముద్ర నీదేనా?" అన్నారు వీర్రాజుగారు.

"ఆయ్, నాదేనండయ్యగారూ. వేలు నాదే. మాట నాది కాదండి. నాకు వేరేగా చదివేరండి."

వీర్రాజుగారు నా వైపు తిరిగేరు. "ఏం చదివేవయ్యా నువ్వు?"

గడియారం వైపు చూసేను. "అందులో ఉన్నదే చదివేనండి," అన్నాను.

"బాబూ, ఓపాలి గుర్తు సేసుకోండి బాబూ. మెట్టు మీద కూకున్నాం. మీరు గొడుగేసుకున్నారు."

"ఉన్నదే చదివేను పోలయ్యా. నీకే సరిగ్గా వినబడలేదేమో."

పెళ్లివారిలో ఎవరో, "గాలేమో ముందే వినబడిందట, చదివింది మాత్రం వినబడలేదట!" అన్నారు. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. అది మంచి జోకని కూడా అనుకున్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. ఇంకోసారి అడగలేదు. లాంచీలోకి వెళ్లి చక్రానికి కట్టుకున్న తుండుగుడ్డ విప్పుకుని, భుజాన వేసుకుని దిగిపోయేరు. మళ్లీ ఆ చక్రం పట్టలేదు.

అసలు సంగతి ఇప్పుడు వినండి. చిన్న లాంచీ సరంగుని పిలిపించి పెద్ద లాంచీ తీయించేసరికి నేను గడియారం చూసేను. ఆ పంచాయితీకి పట్టింది గంటా అయిదు నిమిషాలు. బయటికొచ్చి చూస్తే గౌతమి తోడుకున్న పెరుగులా ఉంది. ఆయన అడిగిన గంట ఆయన్ని సాగనంపడంలోనే అయిపోయింది. రేవులో జనం మాత్రం, ఏదయ్యా గాలి, ఎక్కడయ్యా గాలి అని నవ్వుకున్నారు. నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గడియారం కింద కుర్చీ నాదే కదా.

అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పేను. ఎలా విప్పేనో చెబితే మీరు కాగితం అవతల పారేస్తారు. ఆ నెలలోనే ఒక పెళ్లిలో దాన్ని హాస్యకథ చేసి చెప్పేను. ఆకు కదిలితే తుఫానని లాంచీ దిగి పారిపోయే సరంగు కథ. "గాలి పోలయ్య" అని పేరు పెట్టేను. కడుపు చెక్కలయ్యేలా నవ్వేరు. అమలాపురం నుంచి రాజోలు దాకా ఆ కథ కోసం నన్ను పిలిచేవారు. ఆ కథతోనే నాకు పేరొచ్చింది. పేరు పోయింది ఎవరిదో మీకు తెలుసు. మరో రేవులో ఆయన్ని ఎవరూ పనిలోకి తీసుకోలేదు. తీసుకోనిది వేలిముద్ర వల్లనా, నా కథ వల్లనా?

ఒకసారి అంబాజీపేటలో చూసేను. కొబ్బరికాయలు లారీకి ఎక్కిస్తున్నారు. నన్ను చూసి బుట్ట దింపి, "బావున్నారాండి బాబూ?" అన్నారు. బస్సుకి టైమైందని చెప్పి వచ్చేసేను. బస్సుకి ఇంకా ముప్పావుగంట ఉంది.

కిందటేడు కాట్రేనికోనలో ఒక పెళ్లి. కథ అయ్యేక ఒకావిడ దగ్గరికొచ్చింది. స్కూల్లో టీచరట. "నేను పోలయ్యగారి అమ్మాయినండి. నాన్నగారు పోయి ఆరు నెలలైందండి," అంది. నా నోట్లో లడ్డూ ఉంది. "ఈ కథ ఎవరైనా చెబితే నాన్నగారూ నవ్వేవోరండి. గుమాస్తాబాబు భలే చదువుతారమ్మా, లేనిది కూడా చదువుతారు అనేవోరు." ఆవిడ నవ్వుతూనే చెప్పింది. ఆవిడకి సంగతి తెలుసా? తెలియకే అలా నవ్విందా? ఇవాళ్టికీ తెలియదు. అప్పుడే చెప్పవలసింది. లడ్డూ మింగేను. ఆశీర్వదించి వచ్చేసేను. నేను ఆశీర్వదించేనండి, ఆవిణ్ణి!

ఆ కథ మళ్లీ చెప్పలేదు. అదేం గొప్ప కాదు. చెప్పబోతే నోట్లో తీపి తగిలి ఆగిపోతున్నాను.

కంపెనీ ఎప్పుడో మూతపడింది. "నీ రచనే కదయ్యా, ఉంచుకో," అని వీర్రాజుగారు ఆ ఫ్రేము నాకే ఇచ్చేరు. మా ఇంట్లో అది గోడవైపు తిరిగి ఉంటుంది. ఎవరైనా అడిగితే అద్దం పగిలిందంటాను. పగల్లేదు. ఇవాళ తిప్పేను. వేలిముద్ర అలాగే ఉంది. నా వాక్యం కూడా అలాగే ఉంది, చక్కటి చేవ్రాత. ఆ అమ్మాయిగారికి ఈ కాగితం అందుతుందో లేదో తెలియదు. అందితే నాకేమవుతుందో అది కూడా తెలియదు. క్షమించమని అడగను. అడగడానికి ఆ మెట్టు మీద ఎవరూ లేరు. చదవడమొక్కటే నాకు మిగిలిన పని. ఆ రోజు చక్రం దగ్గర ఆయన చెప్పింది ఇది:

"గాలి సూసి లాంచీ తీత్తాం. ఆలీసమైతే తిట్టుకోండి. ఎక్కినోళ్లందర్నీ అవతలొడ్డున దింపుతాం."

ఒక్క ముక్క కలపకుండా చదివి వినిపించేను. నిశాని నాది.