మళ్ళీ పల్లవి

మా ఆయన దేవకుమార్ గారు ఏ పాటనూ ఒక్కసారితో పోనిచ్చేవారు కాదు. చరణం మధ్యలోనైనా లేచి "పల్లవి మళ్ళీ!" అని కేకవేసేవారు. మా తెలుగు చర్చిలో అది చెల్లింది. డెట్రాయిట్ బారుల్లో ఎలా చెల్లుతుంది?

ఆ బారులకు మమ్మల్ని లాక్కెళ్ళింది బ్రెజిల్ పిల్లలు. వాగ్నర్ గిటారు, నెల్సన్ డ్రమ్స్, పాడేది సెలియా. వాగ్నర్ ఈయన ఆఫీసులోనే డ్రాయింగులు గీసేవాడు. ఎనభై రెండు చలికాలంలో ప్రాక్టీసుకు చోటు లేదంటే ఈయన మా బేస్‌మెంట్ ఇచ్చేశారు. బ్యాండు పేరుకు వాళ్ళ భాషలో 'దీపాల్లేని వీధి' అని అర్థమట. పాటలు కోపంగా మొదలై ఠక్కున ఆగిపోయేవి. దాన్ని పోస్ట్-పంక్ అంటారట. నాకైతే మిక్సీలో రాళ్ళు పడ్డట్టుండేది.

ఏ కంపెనీ రానివ్వకపోతే సొంతంగా ఒక రికార్డు వేసుకున్నారు. కవర్లకు జిగురు చాలకపోతే నేను అన్నం మెతుకులతో అంటించాను.

బారులో సెలియా మూడో చరణం ఎత్తుకోగానే ఈయన లేచేవారు.

"పల్లవి మళ్ళీ!"

"దేవ్, ఈ పాటకి కోరస్ ఒక్కసారే!" అని వాగ్నర్ అరిచేవాడు.

"మా పాస్టర్ గారైతే నాలుగుసార్లు పాడిస్తారు. కానీ, కానీ!"

జనం నవ్వి, తామే పల్లవి అందుకునేవారు. సెలియా అటు తిరిగి మంచినీళ్ళు తాగేది. నేను కోటు కాలర్లో మొహం దాచుకునేదాన్ని.

ఎనభై ఏడులో సెలియా పాడటం మానేసింది. బ్యాండు ఆగిపోయింది. మరుసటేడు ఫిబ్రవరిలో, డ్రైవ్‌వేలో మంచు తీస్తూ ఈయన పడిపోయారు. మళ్ళీ లేవలేదు. ఇప్పుడు చర్చిలో ఎవరూ కేకవేయరు. నేను పక్కసీటు వైపు చూడను.

సమాధి అయిన వారానికి సెలియా వచ్చింది.

"లూసీ, నాకు ఆస్త్మా. మూడో చరణానికి ఊపిరందేది కాదు. తెలిస్తే వాగ్నర్ ఇంకో సింగర్‌ని తెచ్చుకునేవాడు. దేవ్ ఒక్కరే కనిపెట్టారు. నేను తడబడేలోపే కేకవేసేవారు."

"నాకైనా చెప్పలేదే!"

"నాకూ చెప్పలేదు. థాంక్స్ అంటే, 'నీ పాట ఇంకోసారి వినాలనిపించింది, అంతే' అన్నారు."

ఏడుస్తున్నదాన్ని నవ్వాను. "వినడమా! చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేవారమ్మా. కారెక్కాక తీసేవారు."

"మరి నాకు ఊపిరాడటం లేదని ఎలా తెలిసేది?"

"నీ మొహమే చూస్తుండేవారు."

సెలియా పకపకా నవ్వబోయింది. ఆయాసం వచ్చింది. నేను వీపు నిమిరాను.

"తొందరేం లేదమ్మా, ఆగి నవ్వు."