కేసు షీటులో నేను వేసిన రెండు

ముందే ఒప్పుకుంటున్నాను. నా నోట్లో పడిన ఏ విషయమూ పుట్టిన సైజులో బయటికి రాదు. మా ఇంట్లో కనబడిన తేలు వీధి చివరికి చేరేసరికి ఎండ్రకాయంత అవుతుంది. కాబట్టి చదివేవారు నా లెక్కల్లో సగం తీసేసి చదువుకోవచ్చు. ఒక్క లెక్కను మాత్రం అలా తీసేయడానికి వీల్లేదు. ఇది రాస్తున్నది దాని గురించే.

కరోనా భయం తగ్గిన మరుసటి ఏడు, ఉగాది దాటాక, తిరుపతి నుంచి చిత్తూరులో కొత్తగా తెరిచిన ఒక నొప్పుల క్లినిక్కుకు మసాజ్ థెరపిస్టుగా వెళ్లాను. అక్కడ అందరికీ పైన డాక్టరమ్మ. ఆమె కింద వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు, ఆయన కింద నేను, నా కింద నూనె గిన్నె. అయినా బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్న జనానికి నేనే పెద్ద సారును. నా బొటనవేళ్లు రోడ్డు రోలరుకు పోటీ అని నేనే ప్రచారం చేసుకున్నాను. అవి యాభై రెండేళ్లకే అరిగిపోయి నన్ను ఇంటికి పంపాయన్నది తర్వాతి మాట.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మర్దనకు ముందొకసారి, తర్వాతొకసారి నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది లోపల ఒక అంకె చెప్పమని అడగాలి. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఓర్చుకోలేనిది. చెప్పింది చెప్పినట్టు కేసు షీటులో రాయాలి. డాక్టరమ్మ ఏ నిర్ణయమైనా ఆ షీటు చూసే తీసుకునేది. ఏళ్ల నాటి నొప్పిని మర్దన మాయం చేయదని, రెండు మూడు రోజులు కండరాన్ని వదులు చేసి మనిషిని కాస్త నిద్రపోనిస్తుందని శిక్షణలో మొదటి రోజే చెప్పారు. ఆ రోజు నేను క్లాసుకు వెళ్లాను. విన్నాను కూడా.

మునెమ్మ కార్వేటినగరం వైపు పల్లె నుంచి బస్సులో వచ్చేది. నలభై అయిదేళ్లుంటాయి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. సీజనంతా బెల్టు పక్కన నిలబడి, నడుం వంచి రోజుకొక లారీడు కాయలు కోసేది (సగం తీసేయండి). ఆరేళ్లుగా నడుం నొప్పి. కాయలు ఏరే బల్ల దగ్గర కూర్చుని చేసే పని ఉందని, డాక్టరు చీటీ రాసిస్తే అక్కడికి మారుస్తానని సూపర్‌వైజరు అన్నాడని మొదటి రోజే చెప్పింది. సీజను మొదలయ్యేలోపు ఆ చీటీ కావాలి. చీటీ ఎందుకమ్మా, ఎనిమిది సిట్టింగులు కానివ్వు, ఆ బెల్టు మీదే చెక్కభజన చేస్తావు అన్నాను. బెంచీ మీదున్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, నడుం పట్టుకుని.

ఆ రోజు నొప్పి అంకె అడిగితే ఎనిమిది అంది. నాలుగో సిట్టింగు నుంచి నేను అడగడం మానేశాను. ఇవాళ నాలుగు కదమ్మా అని నేనే అనేవాణ్ణి. ఊఁ సార్ అనేది. రాసేవాణ్ణి. ఆరో సిట్టింగు రోజు ఆమెను బెంచీ ముందు నిలబెట్టి, నలుగురు మంచం మీద మోసుకొచ్చిన మనిషిని ఇప్పుడు చూడండి అని చాటి, వంగి నేల తాకమన్నాను. ఆమె ఎప్పుడూ తన కాళ్ల మీదే వచ్చింది. అయినా వంగింది. తాకింది. లేచేటప్పుడు నా టేబుల్ అంచు పట్టుకుంది. అది నేను చూశాను. చప్పట్ల మధ్య దాని గురించి ఆలోచించలేదు. చప్పట్లు ఆగాకా ఆలోచించలేదు.

ఎనిమిదో సిట్టింగు రోజు షీటులో రెండు వేశాను. డాక్టరమ్మ అది చూసి, రెండే కదా, నిలబడి పని చేసుకోవచ్చు అంది. చీటీ రాయలేదు. మునెమ్మ నా వైపు చూసింది. నేను బొటనవేలు పైకెత్తి చూపించాను.

సీజను చివరికొచ్చే వేళకు అదే ఫ్యాక్టరీ నుంచి రెడ్డెమ్మ అనే ఆవిడ భుజం నొప్పితో వచ్చింది. అలవాటు కొద్దీ, మీ మునెమ్మను బాగు చేసింది ఎవరనుకున్నావు అన్నాను. బోర్లా పడుకున్న మనిషి తల తిప్పి చూసింది.

"ఆ మారాజు మీరేనా సామీ? నడుముకు తడి టవలు బిగించుకుని నిలబడతాది ఆయమ్మ. అన్నం బెల్లు కొడితే మేము తినే కాడికి పోతాము, ఆయమ్మ క్రేట్ల ఎనక నేలమీద పండుకుంటాది. బాగు చేసినాడంట, బాగు."

ఆ తర్వాత ఆమె భుజం మీద నా చేతులు ఏం చేశాయో నాకు గుర్తులేదు.

షిఫ్టు వదిలే వేళకు స్కూటరు మీద ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లాను. కాయల లారీలు శ్రీహరికోట దాకా వరుస కట్టి ఉన్నాయి. మునెమ్మ బయటికి వచ్చింది. మోచేతుల దాకా పసుపు రంగు. నన్ను చూడగానే నడుముకున్న టవలు విప్పి భుజాన వేసుకుంది. అది చూశాక అడగడానికి ఏమీ మిగల్లేదు. అయినా, తగ్గలేదని ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అంతమంది ముందర తగ్గిందని మీరు సెప్తిరి. లేదంటే మీకు తలవంపు గదా సార్. మీరు నవ్విస్తా మాట్లాడతారు. ఆ కాసేపు బాగుంటుండె."

మరి చీటీ అన్నాను.

"రెండుకు సీటీ యాడిస్తారు సార్."

తప్పు నాది, క్షమించమ్మా అన్నాను. పోనీలెండి అంది.

మర్నాడు డాక్టరమ్మతో, నాలుగో సిట్టింగు నుంచి అంకెలన్నీ నావేనని చెప్పాను. ఆమె అరవలేదు. మునెమ్మను పిలిపించి, కొత్త షీటు తీసి తనే అడిగింది. ఎనిమిది అంది మునెమ్మ, నా వైపు చూడకుండా. చీటీ వచ్చింది. అప్పటికి సీజను పన్నెండు రోజులే మిగిలింది. నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. షీటు రాసే పని మాత్రం ఫిజియోథెరపిస్టుకు మారింది.

నేర్చుకున్నది చిన్న విషయం. అంకె అడిగేవాడు అంకె పలకకూడదు. ఏళ్లుగా నొప్పితో ఉన్నవాళ్లు జవాబు చెప్పే ముందు అడిగినవాడి ముఖం చూస్తారు. అక్కడ జవాబు రాసి ఉండకూడదు.

ఇక ఇందులో నేను కల్పించింది. లారీల సంగతి మీరే సగం తీసేసి ఉంటారు. అది కాదు. గేటు దగ్గర నేను క్షమించమని అడగలేదు. అడుగుదామని నోరు తెరిస్తే, బస్సు ఎన్నింటికమ్మా అని వచ్చింది. ఆరుంబావుకు సార్ అంది. మూడో సిట్టింగు తర్వాత ఆమె చెప్పింది చెప్పినట్టు నేను విన్న మొదటి అంకె అది.