మందు అనే మాట

తల్లి గర్భంలోనే నన్ను ఎరిగి, తల నెరిసేదాకా చేయి విడవని దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకుంటే ఈ చేదును ఇన్నేళ్లు లోపల మోసేదాన్ని కాను.

మొన్న జగిత్యాలలో మా ఇంటికి ఫోను పట్టుకుని సర్వే చేసే అమ్మాయి వచ్చి, చెప్పుల దగ్గరే నిలబడి, ఇంట్లో ఎవరికైనా మందు అలవాటుందా అని అడిగింది. లేదన్నాను. వేలితో నొక్కుకుని వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం నన్ను సిరిసిల్లకు లాక్కుపోయింది.

సోషియాలజీ ఎం.ఏ. పాసై, నగరంలో ఒక పరిశోధనా సంస్థలో చేరిన రోజులవి. కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లతోనూ, సిరిసిల్లలో సాంచెలనే మరమగ్గాలు నడిపేవాళ్లతోనూ కూర్చుని, వాళ్ల బతుకులు విని రాయడం నా పని. తెలంగాణ ఉద్యమం ఊరూరా రగులుతుండేది. బస్సులు బందైతే ట్రాలీల్లో నిలబడి అయినా వెళ్లేదాన్ని, మనవాళ్ల బాధ మన మాటల్లోనే లోకానికి తెలియాలన్న పట్టుదల అటువంటిది.

సిరిసిల్లలో మా చిన్నమ్మ ప్రార్థనకు వెళ్లే సంఘంలోనే నేను అత్తా అని పిలిచే ఒకావిడ ఉండేది. సాంచెలు ఆగిపోయి పని లేక ఆమె భర్త తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆమెకు మిగిలింది ఆయన మంచిపేరు ఒక్కటే. “మా ఆయన కల్లు సుత ముట్టలే బిడ్డా. పని బందై మందు తాగి సచ్చిండు. గట్లనే రాయి,” అంది.

మన దిక్కున చేనుకు కొట్టేదీ మందే, రోగానికి మింగేదీ మందే, సీసాలో అమ్మేదీ మందే. అందుకే పురుగుల మందని విప్పి మరీ రాశాను. నగరంలో కుర్చీ దిగని మా పెద్దసారు నా వివరణ కొట్టేసి, మద్యానికి బానిసై చనిపోయాడని మార్చి పుస్తకం అచ్చువేయించాడు. వెళ్లి అడిగితే, మందు తాగాడని వాళ్లే చెప్పారు కదమ్మా అని నవ్వాడు.

తర్వాత సిరిసిల్లలో ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే వండి తినే వంటావార్పు నిరసన పెట్టిన రోజున, నగరం నుంచి వచ్చిన ఒక వక్త, మన నేతన్నలను తాగుడులో ముంచింది ఈ పాలకులేనంటూ ఆ పుస్తకం తెరిచి, వాడకట్టు పేరుతో సహా అత్త భర్త సంగతి మైకులో చదివాడు. అత్త ఉల్లిగడ్డలు కోస్తూ అక్కడే ఉంది, నేనూ ఉన్నాను. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది.

“ఏం వదినె, అన్న ఎన్నడు తాగిండే? మాకెన్నడు ఎరుకనే లేకపాయె.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అత్త కత్తి కింద పెట్టి నా వైపు చూసింది.

“మన సంఘం బిడ్డవని చెప్పిన,” అంది. అంతే.

అది తప్పని లేచి అరిచాను. జై తెలంగాణ నినాదాల్లో నా గొంతు నాకే వినపడలేదు. ఆ నెలలోనే ఉద్యోగం మానేశాను. అత్త మళ్లీ మందిరానికి రాలేదు. ఆ మధ్యే ఆమె కూడా మట్టిలో కలిసింది.

మా కాలంలో కనీసం గడపలో కూర్చుని వినేవాళ్లం. ఇప్పుడు వినే పనీ తప్పింది. రాష్ట్రం వచ్చింది. మన యాస సినిమాల్లోకీ సభల్లోకీ ఎక్కింది. పెద్దసారుకు శాలువాలు కప్పుతున్నారు, ఆ పుస్తకం కాలేజీల్లో ఇంకా చదివిస్తున్నారు. ఆ ఒక్క మాటను మాత్రం ఎవరూ దిద్దలేదు.

అబద్ధ సాక్ష్యం పలకరాదని చిన్ననాడే నేర్చుకున్న మీరు, ఈ పూట నాతో కలిసి మోకరించండి. ప్రభువా, మనుషుల పుస్తకం ఎట్లా ఉన్నా, నీ గ్రంథంలో మాత్రం ఆయన కల్లు కూడా ముట్టనివాడనే ఉండనియ్యి.