చుట్టాల కోసం దాచిన గ్యాసు బండ

మొన్న మా ఇంట్లో గ్యాసు అయిపోయింది. కోడలు ఫోన్లో ఏవో మీటలు నొక్కింది, మర్నాటికల్లా గుమ్మంలో కొత్త బండ దిగింది. సీలు లాగి, రెగ్యులేటరు బిగించి, పాలు పెట్టి తన పనిలో పడిపోయింది. నేను మాత్రం ఆ సీలు ఊడిన చప్పుడుకి వంటింట్లోంచి బయటికొచ్చేశాను. మన ఈడు ఆడవాళ్లకి చెప్పుకుంటేనైనా గుండె బరువు దిగుతుందేమోనని రాస్తున్నాను.

చీపురుపల్లికి ఆవల, తారురోడ్డు దిగి చాలాదూరం నడిస్తే వచ్చే ఊరు మాది. ఒకే వంటిల్లు, ఇద్దరు తోటికోడళ్లం. పెద్దావిడని నేను అక్కా అనే పిలిచేదాన్ని. నోరు గట్టిది, మనసు వెన్న. తెల్లారకముందే గోగు పుల్లలూ తాటికమ్మలూ పోగేసి పొయ్యి రాజేసి, మగవాళ్లు పొలానికి కదిలేలోగా అంబలీ అన్నమూ దింపేసేది. పొగ పోయే దారిలేక మా చుట్టూనే తిరిగేది. నాకు కళ్లు మండి ఊరుకునేవి, ఆవిడకి రొమ్ము పట్టేసేది.

దగ్గు ముదిరి, పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునికే స్థితికొచ్చాక విజయనగరం తీసుకెళ్లాం. చుట్టా మానాలి, కట్టెల పొయ్యీ మానాలి, లేకపోతే మనిషి దక్కదని డాక్టరుగారు మొహానే చెప్పేశారు. నిప్పు నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట ఆవిడకి చిన్ననాటి అలవాటు. తిరుగు బస్సెక్కకముందే దాన్ని పారేసింది, మళ్లీ ముట్టలేదు. పొయ్యిని మాత్రం వదల్లేదు మహాతల్లి!

గ్యాసు లేక కాదు. అప్పటికే కనెక్షను వచ్చింది. కానీ బండి ఊళ్లోకి వచ్చేది కాదు. తారురోడ్డు మీద ఆగి హారను కొడితే ఖాళీ బండ సైకిలుకి కట్టుకుని పరుగెత్తాలి. డబ్బు ముందే మొత్తం కట్టాలి, సబ్సిడీ తర్వాత బ్యాంకులో పడుతుందట. కూలికెళితేగాని పూట గడవని కొంపకి ఆ తర్వాత ఎందుకు పనికొస్తుంది? మొదటి బండ, మా ఆడపడుచు అత్తవారు భోజనానికి వచ్చిన పూటే, కూర సగం ఉడికేసరికి ఆరిపోయింది. ఆ సిగ్గు అక్క మర్చిపోలేదు. బావగారు పెంచుకున్న మేకని అమ్మి రెండో బండ తెస్తే, దానికి పసుపు రాసి బొట్లు పెట్టి, పాత చీర కప్పి మూలన కూర్చోబెట్టింది.

నీ పేనం కంటే బండెక్కువేటక్కా అని నేను పోట్లాడితే ఒకటే మాట:

“ఊరుకోయే పిల్లా! కట్టెలు ఊరికే వస్తన్నాయి, గ్యాసు ఊరికే వస్తాదేటి? రేపు సుట్టాలొచ్చినప్పుడు బండ కాళీగుంటే మన మొకం ఎక్కడెట్టుకుంటాం?”

బావగారు తిట్టారు, నేను అలిగి అన్నం మానేశాను. ఓ రోజు సీలు లాగబోతే అడ్డం వచ్చి, ఆయాసంతో మాట పెగలక, బండని రెండు చేతులా కావలించుకుంది.

ఆ ఏడు వానలకి కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఊదీ ఊదీ ఆవిడ పొయ్యి ముందే ఒరిగిపోయింది. నేను ఒళ్లోకి తీసుకునేసరికి ఊదుగొట్టం చేతిలోనే ఉంది, ఊపిరి లేదు.

కబురందుకుని వానలో తడుస్తూ చుట్టాలందరూ దిగారు. చావింట పొయ్యి ముట్టించకూడదు కదా, పొరుగిళ్లలోనేమో కట్టెలు అంటుకోవడం లేదు. వణుకుతున్న ముసలివాళ్లకి గుక్కెడు టీ ఎలాగని తర్జనభర్జన పడుతుంటే పెద్దాయన ఒకాయన మూలనున్న బండని చూపించి తేల్చేశాడు.

“ఇది కట్టెల పొయ్యి కాదు కదేటి? తప్పునేదు, ఎలిగించీండి.”

బావగారు బండ మీది చీర తొలగించారు. సీలు నేనే లాగాను. ఎంత తొందరగా కాగిందో అని ఒకావిడ మెచ్చుకుంది కూడా. నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు మా ఊరికీ తారు పడింది, బండి గుమ్మంలోకే వస్తోంది. ధర చూసి మళ్లీ పుల్లలేరుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఆ పొగ కనిపిస్తే నాకు దడ. చుట్టాల కోసమే అంది, చుట్టాలకే అక్కరకొచ్చింది. కొత్త బండ పెట్టిన రోజు కోడలు మొదటి గ్లాసు టీ నాకే తెచ్చిస్తుంది. చల్లారిపోయేదాకా పట్టుకు కూర్చుంటాను గాని, తాగలేను.