నలభై ఐదు దాటినవాళ్ల వంద మీటర్లు

నాకు అనుమానం ఎక్కువ. పదకొండేళ్ల తర్వాత మళ్ళీ వంద మీటర్లు పరిగెత్తడం మొదలుపెట్టాక అది ఇంకా ముదిరింది. మొదట నా ఎడమ తొడనే అనుమానించాను. అప్పట్లో పోటీ మధ్యలో పట్టేసి నా చేత పరుగు మానిపించింది అదే. సూర్యాపేటలో పొద్దున్నే కాలేజీ గ్రౌండుకు వెళ్లి నాలుగు అడుగులు గట్టిగా వేయగానే చెయ్యి దానంతటదే తొడ వెనక్కి పోయేది. తర్వాత స్టాప్‌వాచ్ వంతు వచ్చింది. టైం చూసే మిత్రుడు నా మీద జాలితో ముందే నొక్కేస్తున్నాడనిపించి, ఫోన్‌లో వీడియో తీయించి మరీ సరిచూసుకున్నాను. పాపం, అతను ఉన్నదే చెబుతున్నాడు. నేను నిజంగానే బాగా పరిగెడుతున్నాను.

ఆ ధైర్యంతో కోదాడలో నలభై ఐదు దాటినవాళ్ల పోటీకి వెళ్లాను. డెబ్బై మీటర్ల వరకు నేనే ముందున్నాను. అక్కడ పక్క లైనులోంచి ఒకాయన నన్ను దాటి వెళ్లిపోయాడు. ఆ ఊరాయనే. తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు, పొట్ట లేదు, గెలిచాక ఆయాసం కూడా లేదు. నలభై కూడా ఉండవని తేల్చేశాను. తిరుగు బస్సు మునగాల దాటేదాకా అదే ఆలోచన. నిజం చెప్పాలంటే, ఓడిపోయానని ఒప్పుకోవడం కంటే మోసపోయానని కోపం తెచ్చుకోవడమే నాకు హాయిగా ఉంది.

నెల తర్వాత మిర్యాలగూడలో పోటీ. ఈసారి అతణ్ని ఓడించకపోతే ఇక స్పైక్స్ బూట్లు ముట్టకూడదనుకున్నాను. పేర్లు రాసుకునే టేబుల్ దగ్గరికి అందరికంటే ముందే చేరాను.

"సార్, వయసు కాగితాలు జర గట్టిగ సూడుండ్రి. నలభై ఐదు లేనోళ్లు గూడ వస్తున్నరు," అన్నాను.

అక్కడున్న పెద్దాయన విసుక్కోకుండా అందరి కాగితాలూ అడిగాడు. నేను పదో తరగతి మెమో తీసి గర్వంగా టేబుల్ మీద పెట్టాను. కోదాడ ఆయన లామినేషన్ చేయించిన పాత కాగితం ఇచ్చాడు. పుట్టినప్పుడు ఆసుపత్రిలో రాసిచ్చిందట. దాని ప్రకారం ఆయనకు నలభై ఎనిమిది.

అప్పటికీ నాకు నమ్మకం కుదరలేదు. మా అక్కది మిర్యాలగూడే, నా పరుగు చూడటానికి వచ్చింది. ఆమెను పక్కకు పిలిచి, "అది దొంగ కాగితమే అక్కా," అన్నాను.

అక్క నవ్వింది. "నీదేమన్న అసలుదా? అమ్మ వరి నాటుకు పోతే ఇంట్ల నిన్ను సూసెటోళ్లు లేక, బాపు నిన్ను నాతోటి బడికి తోలిండు. తల మీదికెల్లి చెయ్యేసి అవతలి చెవి అందుకొమ్మన్నడు సారు. నీ చేతులు పొడుగు, అందినయ్. ఐదేండ్లని రాసుకున్నడు. అప్పటికి నీకు మూడున్నరే."

ఆ సంగతి నాకు తెలియనిది కాదు. ఉద్యోగం, పెళ్లి అన్నీ మెమోలో ఉన్న తేదీతోనే జరిగిపోయాయి కాబట్టి అదే నిజమని ఎప్పుడో సర్దుకున్నాను. ఇప్పుడు వేళ్ల మీద లెక్క వేసుకుంటే నలభై నాలుగు కూడా నిండలేదు. ఇంతలో మైకులో మా పోటీకి పిలిచారు. టేబుల్ దగ్గరికి వెళ్లి చెప్పేయవచ్చు. కాళ్లు అటు పోలేదు. కూర్చుని స్పైక్స్ లేసులు బిగించుకున్నాను.

బాగానే మొదలుపెట్టాను. తొడ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. చివరి పది మీటర్లలో కోదాడ ఆయన మళ్ళీ నన్ను దాటేశాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటే దగ్గరికొచ్చి వీపు తట్టాడు.

"మన వయసుకి ఈ పరుగు మామూలు విషయం కాదండీ," అన్నాడు.

ఎగతాళేమోనని ఆయన ముఖమంతా వెతికాను. అలాంటిదేమీ లేదు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

పతకాలు మూడు స్థానాలకే. రెండోది నా మెడలో వేశారు. నేను దిగి వస్తుంటే, నాలుగో స్థానంలో వచ్చిన మోతె ఊరి రైతు, గడ్డం నెరిసిన మనిషి, ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"పొద్దుగాల టేబుల్ కాడ మంచిగ అడిగినవ్ తమ్మీ. గట్ల అడిగెటోడు ఒక్కడన్న ఉండాలె. లేకుంటే మనసొంటోళ్లకు అన్యాయమైతది."

నేను పతకాన్ని చొక్కా లోపలికి వేసుకుని, అవునన్నట్టు తల ఊపాను.