మైకక్క నోరు మూసుకునే గది

మా చెల్లెలు పుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపుకి పక్కవీధి వాళ్లు తలుపులు తీసి చూశారని మా అమ్మ చెప్పేది. ఆ గొంతు ఆ తర్వాత పెరిగిందే గానీ తగ్గలేదు. బడిలో హాజరు పిలిస్తే దాని జవాబుకి పక్క తరగతి పిల్లలు కూడా లేచి నిలబడేవారు. దాని మొగుడు మంచివాడు. పెళ్లినాటికి చెవుడు లేదు, తర్వాతే వచ్చింది. ఊరంతా దాన్ని మైకక్క అంటారు. అన్నని కాబట్టి నేనొక్కణ్నే అమ్మాయ్ అంటాను.

అలాంటి మనిషి జీవితమంతా ఉద్యోగం చేసింది ఎక్కడంటే, గట్టిగా తలుపు వేస్తే బెదిరి చచ్చిపోయే ప్రాణుల మధ్య.

అది సముద్రపు చేపల పిల్లల్ని పెంచే హేచరీ. నేను అక్కడ పంపుల మెకానిక్కుని. చదివింది ఊరిబడిలో, అయిదో తరగతి దాకా. అయినా సముద్రపు నీటిని మొట్టమొదట ఆ తొట్లలోకి ఎక్కించింది నేనే. గాలి మోటారు ఆగిపోయి పిల్లలు నోళ్లు తెరుస్తుంటే, లారీ ఇంజనుకి బెల్టు తగిలించి గాలి కొట్టించింది నేనే. చెల్లెల్ని పనిలో పెట్టించిందీ నేనే. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నేను చెప్పకపోతే చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు.

పిల్లల గది తాళంచెవి దాని చేతికి వచ్చిన రోజు, ప్యాకింగ్ షెడ్డులో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. కానీ ఆ గుమ్మం దాటగానే అది మనిషే మారిపోయేది. చెప్పులు బయట వదిలి, తలకి గుడ్డ చుట్టుకుని, పిల్లిలా నడిచేది. మాట్లాడాల్సి వస్తే సైగలు చేసేది. మా బావ ఒకసారి దానికి క్యారేజీ ఇవ్వడానికి వచ్చి, కిటికీలోంచి ఆ మౌనం చూసి, క్యారేజీ గుమ్మం దగ్గర పెట్టి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఏమయ్యా, ఎందుకు కదలవంటే, ప్రశాంతంగా ఉందన్నాడు.

ఇక ఆ పిల్లల సంగతి. గుడ్డులోంచి బయటపడ్డ చేపపిల్లకి తెరుచుకున్న నోరు కూడా ఉండదు. పొట్టకింద ఇంత సొన మూట కట్టుకుని వస్తుంది. ఆ మూట ఖాళీ అయ్యేలోగా నోరు తెరుచుకోవాలి, కళ్లు నల్లబడాలి, కంటికి ఆనని మేతపురుగుని వెంటపడి పట్టి మింగాలి. అది చాలదన్నట్టు, నీటిపైకి వచ్చి ఒక గుక్క గాలి కూడా మింగాలి. ఆ గాలికి లోపలి గాలితిత్తి ఉబ్బితేనే పిల్ల తేలుతుంది. ఆ పసితనంలో మింగితే మింగినట్టు, తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. తిత్తి ఉబ్బని పిల్ల మునిగిపోకుండా ఈదీ ఈదీ, నడుం వంకరపోయి, అలసిపోయి చస్తుంది. మనకీ ఇన్ని గండాలుంటే మనలో సగం మంది ఉండేవాళ్లం కాదు. ఆ మిగిలిన సగంలో కూడా కొందరు లేకపోతేనే బాగుండేది.

మా యజమానికి చేపలంటే పళ్లెంలోనే ఇష్టం. వరసగా పిల్లలు పోతుండేసరికి ఆయనకి విసుగొచ్చింది. ఈ విడత కూడా పోతే గది మూసేసి ఐసు పెట్టెలు పెట్టుకుంటాననీ, పిల్లల్ని బయటి నుంచి కొంటాననీ, మైకక్క ప్యాకింగ్‌లో చేపలు కోసుకోవచ్చనీ అందరి ముందూ చెప్పేశాడు. పిల్లల్ని పెంచిన చేత్తో పెద్దవాటిని కొయ్యమంటే దానికి తల తీసేసినట్టయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి గొంతెత్తకుండా మాట్లాడితే, ఒంట్లో బాగోలేదేమోనని మా ఆవిడ దాని నుదురు పట్టి చూసింది.

ఆ విడత రెండు తొట్లు నింపారు. ముందు గుడ్లొచ్చిన తొట్టికి పెద్దాడనీ, తర్వాతదానికి చిన్నాడనీ మా చెల్లెలే పేర్లు పెట్టింది. ఇద్దరి మీదా ప్రాణం పెట్టుకుంది. తొట్లలో నాచు కలిపిన పచ్చనీరు పల్చబడనివ్వలేదు, లైటు మీద గుడ్డ కప్పి వెలుగు తగ్గించింది. అయినా కొన్నాళ్లకి పెద్దాడిలో పిల్లలు తల పైకి, తోక కిందికి పెట్టి కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

చేపల డాక్టరుని పిలిపించారు. సోడాబుడ్డి కళ్లద్దాల కుర్రాడు, మాట నెమ్మది. ఒక పిల్లని మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, తిత్తిలో గాలి లేదన్నాడు. నీటి మీద నూనె పొర ఉన్నట్టుంది, పిల్లలు దాన్ని చీల్చుకుని గాలి అందుకోలేకపోతున్నాయన్నాడు.

మా చెల్లెలికి ఒళ్లు మండింది. తన గదిలో జిడ్డా? ఆ జిడ్డు ఎవరి నెత్తి నుంచి కారిందో తేల్చేస్తానని బయల్దేరింది. గుమ్మం దగ్గర బకెట్టు, సబ్బు పెట్టింది. వచ్చినవాడినల్లా మోచేతుల దాకా తోమించింది. నూనె కారే నా పాపిడి చూసి నన్ను గుమ్మం దాటనివ్వలేదు. డాక్టరు మొహానికి రాసుకున్న క్రీము వాసన చూసి మరీ లోపలికి వదిలింది. యజమాని సువాసన నూనె దట్టించి, నున్నగా దువ్వుకుని వచ్చాడు. మా చెల్లెలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సార్, తల బయట పెట్టి, మీరు లోపలికి రండి."

ఆయన నా వైపు చూశాడు. నేను పంపు వైపు చూశాను.

ఎంతమందిని తోమినా లాభం లేకపోయింది. నేను గుమ్మం బయటినుంచి చూస్తుండగా డాక్టరు ఒక తెల్లకాగితం పెద్దాడి నీటి మీద పరిచి తీశాడు. దాని నిండా జిడ్డు మరకలు. చిన్నాడి నీళ్ల మీద పరిచినా అంతే. మా చెల్లెలు ఊరుకోలేదు. ఎవడూ తల వంచి చూడని నీళ్లలో పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది అని సైగ చేసి, తన మేత బకెట్టు చూపించింది. మేతపురుగులకి బలం రావాలని చేపనూనె కలిపి నానబెట్టే బకెట్టు అది. దాన్ని తను తప్ప ఎవరూ ముట్టుకోరు. డాక్టరు అందులో కాగితం ముంచి తీశాడు. నూనె పీల్చిన కాగితానికి అవతల ఉన్న ఆయన వేళ్లు కనిపించాయి.

అప్పుడు అది గోడ వైపు చూసింది. మేకుకి మేత కడిగే సంచి వేలాడుతోంది. సన్నటి జాలి సంచి. నానిన పురుగుల్ని అందులో పోసి, పైనున్న నూనె పోయేదాకా మంచినీటితో కడిగి, ఆ తర్వాతే తొట్టిలో వెయ్యాలి. ఎప్పుడూ తడిగా ఉండాల్సిన ఆ సంచి పొడిగా, పెళుసుగా ఉంది.

"డాక్టరుగారూ, నేను కడగట్లేదండి," అంది. గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. "కడిగితే బలమంతా కాలవలో పోతోందనిపించిందండి. వెనకటి విడతల్లో పిల్లలు నీరసించి పోయారని, ఈసారి మొదట్నుంచీ అలాగే వేశాను."

ఆ కుర్రాడు దాన్ని ఒక్క మాట అనలేదు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "పెద్దాడి టైము దాటిపోయిందమ్మా. చిన్నాడికి ఇంకా ఉంది," అన్నాడు.

మా చెల్లెలు సరాసరి యజమాని గదికి పోయింది. ఎందుకైనా మంచిదని నేనూ వెనకే వెళ్లాను. ఆయన ఇంకా తల సంగతి మర్చిపోలేదు.

"పెద్దాణ్ని నేనే చంపుకున్నానండి. మీ నూనె కాదు, నాదే," అంది. "చిన్నాడు ఇంకా బతికే ఉన్నాడు. వాడూ పోతే తాళంచెవి నేనే తెచ్చి ఈ బల్ల మీద పెడతాను. అప్పటిదాకా అడక్కండి."

 ఇది దబాయించడం ఆయన ఎప్పుడూ విన్నాడు గానీ, తప్పు ఒప్పుకోవడం వినలేదు. సరేనని తల ఊపాడు.

ఇక్కడ నా గొప్ప కూడా చెప్పాలి. డాక్టరు బొమ్మ గీసి చూపిస్తే, పైపు ముక్కలు చతురస్రంగా అతికించి నీటి మీద తేలే చట్రం చేశాను. సన్నటి గొట్టంతో గాలి ఊదితే నీటి మీది జిడ్డంతా వచ్చి అందులో చిక్కుతుంది. గాలి ఎంత ఊదాలో పట్టుకోవడానికి చాలా తంటాలు పడ్డాను. కాస్త ఎక్కువైతే జిడ్డుతోపాటు పిల్లలూ ఎగిరిపోతాయి. ఆ చట్రం ఇప్పటికీ వాడుతున్నారు. మా చెల్లెలు దాని పక్కనే ముక్కాలిపీట వేసుకుని, పోగైన జిడ్డుని కాగితాలతో అద్ది తీసేది. మేతని సంచిలో పోసి, నీళ్లు తేటగా వచ్చాక ఇంకోసారి కడిగేది. మా బావ క్యారేజీ తెచ్చి వెనక్కి తీసుకుపోయేవాడు. ఆ రోజుల్లో దాన్ని వీధిలో ఎవరైనా పలకరిస్తే, తలూపి వెళ్లిపోయేది. ఊరికి అంత నిశ్శబ్దం అలవాటు లేక, జనం మా ఇంటికొచ్చి ఏమైందని అడిగారు.

చివరికి డాక్టరు చిన్నాడిలోంచి ఒక పిల్లని తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, పక్కకి జరిగి దాన్ని చూడమన్నాడు. అది ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూడమంది. గాజుముక్కలాంటి ఒంట్లో, వెన్ను కింద, ఒక చిన్న బుడగ తళతళా మెరుస్తోంది. ఇంకోటి తీశారు, అందులోనూ ఉంది. ఇంకోదాంట్లో లేదు. ఆ తర్వాతివాటిలో ఉంది.

మా చెల్లెలు తలగుడ్డ విప్పింది. మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పింది, తలుపు చప్పుడు కాకుండా వేసింది, చెప్పులు తొడుక్కుంది, గేటు దాటి రోడ్డు అవతలికి పోయింది. అక్కడ నిలబడి అరిచింది. మోటారు రొదలో ఉన్న నా పంపుల షెడ్డు కుర్రాళ్లకి కూడా వినపడింది. మా బావ ఇంట్లో కూర్చుని నవ్వాడని మా ఆవిడ చెప్పింది.

చిన్నాడు అంతా బతకలేదు, కానీ లారీకి సరిపడా బతికాడు. పిల్లల్ని ఎక్కించిన రోజు డ్రైవర్ని పక్కకి పిలిచి, గతుకుల్లో ఎలా పోవాలో వీధి మొత్తానికి తెలిసేలా చెప్పింది. యజమాని ఐసు పెట్టెలు షెడ్డు వెనక పెట్టించుకున్నాడు. పెద్దాడి తొట్టిని మాత్రం మా చెల్లెలు ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా తనే కడుక్కుంది.

తర్వాత ఎంతమందికి పని నేర్పిందో లెక్క లేదు. ఎవరొచ్చినా ముందు మేకు మీది సంచి పట్టుకుని చూడమనేది. తడిగా లేకపోతే తనని పిలవమనేది. ఇప్పుడు పని మానేసింది గానీ బుద్ధి మానలేదు. మొన్న మా ఇంట్లో భోజనానికి కూర్చుని, చేపల కూర మీద తేలిన నూనె చూసి, జేబురుమాలంత కాగితం తీసి గిన్నెలో పరిచింది.

మా ఆవిడ ఆ కాగితం లాగి పారేసింది. "వదినా, ఆ ముక్కలు గాలి మింగి మళ్లీ ఈదవు. తిను."